మీకు తెలుసా? కామాఠిపురా కింద నీళ్లు, ఇరకం చుట్టూ నీళ్లు

గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో తూర్పు వైపు దిగి, జనంలోంచి దారి చేసుకుంటూ ఓ పావుగంట నడిస్తే కామాఠిపురా వస్తుంది. మా దగ్గర గల్లీలకు పేర్లు కాదు, అంకెలు. పదో గల్లీ, పదకొండో గల్లీ అంటే చాలు, ఉత్తరం చేరుతుంది. ఊరికి పోయినప్పుడు ఎవరైనా “యాడుంటున్నవు బిడ్డా?” అని అడిగితే “బొంబాయిల” అంటాం. “దీవిల” అని మాత్రం ఎవరమూ అనం. నిజానికి మనం ఉంటున్నది దీవిలోనే. సర్కారు కాగితాల్లో దక్షిణ ముంబైని ఇప్పటికీ ఐలాండ్ సిటీ అనే రాస్తారు.

మీకు తెలుసా, బొంబాయి మొదట ఒక ఊరు కాదు, ఏడు దీవులు. కొలాబా, చిన్న కొలాబా, బొంబాయి, మజ్‌గావ్, పరేల్, వర్లీ, మాహిం. 1661లో పోర్చుగల్ రాకుమారి కాథరీన్ పెళ్లి కట్నంగా ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు దక్కిన ఈ దీవులను, 1668లో ఆయన ఏటా పది పౌన్ల అద్దెకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అప్పటికి కామాఠిపురా లేదు. కామాఠిపురా ఉండే నేల కూడా లేదు. వర్లీ దీవికీ బొంబాయి దీవికీ మధ్య పెద్ద గండి ఉండేది. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం ఆ గండిలోంచి లోపలికి దూసుకొచ్చి, ఇప్పుడు మనం కూరగాయలు కొనుక్కుంటున్న చోటుదాకా పరుచుకునేది. పోటు తగ్గాక మిగిలేది బురద, దోమలు, జ్వరాలు.

ఆ గండికి అడ్డుకట్ట వేయించింది గవర్నర్ విలియం హార్న్‌బీ. 1782లో మొదలైన కట్ట 1784 నాటికి నిలిచింది. కట్టిందల్లా కూలిపోతుంటే రామ్‌జీ శివ్‌జీ అనే ఇంజనీరుకు అమ్మవారు కలలో కనబడిందనీ, సముద్రంలో ఉన్న విగ్రహాలను పైకి తీసి గుడి కట్టాకే కట్ట నిలిచిందనీ చెప్పుకుంటారు. అదే మన మహాలక్ష్మి గుడి. నవరాత్రులకు అక్కడ క్యూలో నిలబడే తెలుగు ఆడపడుచుల్లో ఎంతమందికి తెలుసు, తమ చాలు నిలబడిన నేలకు ఆ గుడితో ఇంత చుట్టరికం ఉందని!

కట్ట నిలిచాక లోపలి పల్లపు నేల మెల్లగా ఆరింది. మహాలక్ష్మి, తాడ్‌దేవ్, బైకలాలో కొంత, కామాఠిపురా, ఇవన్నీ అలా తేలిన నేలలే. ఆ నేల మీద మట్టి పోయడానికి, రాయి మోయడానికి, రోడ్డు వేయడానికి, ఇల్లు కట్టడానికి మనుషులు కావాలి. 18వ శతాబ్దం చివర్లో నైజాం ఇలాకా నుంచి మనవాళ్లు వచ్చింది ఆ పనులకే. కామాఠీ అనేది ఒక కులం పేరు కాదు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన రకరకాల కులాల కూలీలందరికీ కలిపి ఈ ఊరు పెట్టిన పేరు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోటు కామాఠిపురా అయింది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని కరీంనగర్ వైపు మూడు దిక్కులను కలిపి చెప్పుకునే మాటలో, అన్నిటికన్నా పాత దిక్కు మనదే.

ఆ కూలీల పిల్లల్లోంచే కాంట్రాక్టర్లు తేలారు. 1873లో జోతీరావు ఫూలే పుణేలో సత్యశోధక్ సమాజ్ స్థాపించినప్పుడు, బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్లలో మన కామాఠీ కాంట్రాక్టర్లు ముందు వరుస. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటి పేర్లు ఆ చరిత్రలో ఉన్నాయి. దీని మీద వేరే రోజు ఈ శీర్షికలోనే వివరంగా రాయాలని ఉంది. ఇవాళ నీళ్ల సంగతి.

పైధోని పేరుకు అర్థం ఎప్పుడైనా ఆలోచించారా? పాయ్ అంటే కాలు, ధోని అంటే కడుక్కునే చోటు. ఒకప్పుడు అక్కడ పాయ ఉండేది. దాన్ని దాటి వచ్చినవాళ్లు బురద కాళ్లు కడుక్కుని ఊళ్లో అడుగు పెట్టేవాళ్లు. పాయ పోయింది, బురద పోయింది, పేరు మిగిలింది.

ఇంకొకటి. దాదర్ నుంచి మాహిం వైపు వెళ్లే ఎల్.జె. రోడ్డు అందరికీ తెలుసు. ఆ రెండు అక్షరాలు లేడీ జంషెడ్‌జీ. ఆమె పేరు అవాబాయి. మన జె.జె. ఆసుపత్రి ఎవరి పేరున ఉందో ఆ జంషెడ్‌జీ జీజీభాయ్ భార్య. అప్పట్లో మాహిం నుంచి బాంద్రాకు పడవే దిక్కు. వానాకాలంలో పడవలు మునిగి ప్రాణాలు పోయేవి. వంతెనకు డబ్బు పెట్టడానికి కంపెనీ ముందుకు రాలేదు. అవాబాయి తన సొమ్ము 1,57,000 రూపాయలు ఇచ్చింది. ఒకే ఒక్క షరతు పెట్టింది: దాటేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేయకూడదు. 1845లో మాహిం కాజ్‌వే తెరిచారు. నూట ఎనభై ఏళ్లయింది. ఆ దారిన ఇప్పటికీ రోజూ వేల బళ్లు పోతున్నాయి.

ఏడు దీవులు ఒక మహానగరం కావడానికి ఏం కావాలో ఈ ఊరు చూపించింది. అందుకే నాకు ఇరకం గుర్తుకొస్తుంది.

మీకు తెలుసా, మన తెలుగు నేల చిట్టచివర, తమిళనాడు సరిహద్దును ఆనుకుని, నీళ్ల మధ్యలో ఒక ఊరుంది. పేరు ఇరకం. పులికాట్ సరస్సులోని దీవి. తడ మండలం. 2022 ఏప్రిల్ 4 దాకా నెల్లూరు జిల్లా, ఆ రోజు నుంచి తిరుపతి జిల్లా. జిల్లా కేంద్రం నెల్లూరు అయినా, తిరుపతి అయినా, ఆ ఊరివాళ్లకు రెండిటికన్నా చెన్నైయే దగ్గర. జాతీయ రహదారి మీద సరిహద్దు చెక్‌పోస్టుతో పేరుపడ్డ ఊరు ఒకటి ఉంది, భీములవారిపాళెం. ఆ పక్కనే పడవల రేవు. ఇరకం పోవాలంటే ఆ రేవులో పడవ ఎక్కాలి. ఉప్పూ పప్పూ, గ్యాసు బండ, సిమెంటు బస్తా, పెళ్లిబృందం, నిండు చూలాలు, అన్నీ పడవ మీదే. అర్ధరాత్రి నొప్పులు మొదలైతే ముందు పడవవాణ్ణి నిద్ర లేపాలి, ఆ తర్వాతే ఆసుపత్రి మాట.

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు. పొడవు దాదాపు 60 కిలోమీటర్లు. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో. ఇంత పెద్ద సరస్సుకు సగటు లోతు ఎంతో తెలుసా? ఒక మీటరు. నడుము లోతు. దీవివాళ్ల కష్టమంతా ఈ ఒక్క అంకెలో ఉంది. పెద్ద పడవ తిరగడానికి ఆ లోతు చాలదు. నడిచిపోదామంటే బురద, నీళ్లు. వేసవిలో నీళ్లు ఇంకా తగ్గుతాయి, పడవ బురదలో కూరుకుపోతుంది. నీళ్లు ఎక్కువై దూరమైన ఊళ్లు చాలా ఉన్నాయి. నీళ్లు తగ్గినకొద్దీ దూరమయ్యే ఊరు ఇది. పైధోనిలో రెండు వందల ఏళ్ల కిందట ఆగిపోయిన కాళ్లు కడుక్కునే పని అక్కడ ఇంకా రోజువారీ పని.

సరిహద్దు సంగతి మరీ విచిత్రం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఇరకానికీ అవతలి ఒడ్డుకూ మధ్య రాష్ట్ర సరిహద్దు లేనే లేదు. అటు చెంగల్పట్టు జిల్లా, ఇటు నెల్లూరు జిల్లా, రెండూ మద్రాసు రాష్ట్రమే. ఒక తెల్లవారి లేచేసరికి సరస్సు నీళ్ల మధ్యలో గీత పడింది. ఆ తర్వాత సరిహద్దు తగవు మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పుతో 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు చుట్టుపక్కల ఊళ్లు కొన్ని ఇటు వచ్చాయి. నేల మీదైతే రాయి పాతుతారు, బోర్డు పెడతారు. నీళ్ల మీద గీత ఎవరికి కనబడుతుంది? చేపకు కనబడదు, వలకు కనబడదు. అందుకే ఆ సరస్సులో రెండు రాష్ట్రాల జాలర్ల మధ్య వలల దగ్గర గొడవలు రేగడం, అధికారులు రెండు వైపులా కూర్చోబెట్టి మాట్లాడటం మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంది.

ఆ వైపు జనానికి నాలుక మీద రెండు భాషలు. బడిలో తెలుగు, బేరానికి తమిళం. కొందరికి ఇంట్లో మాటే తమిళం. ఇది మన చాళ్ల పిల్లలకు విడమర్చి చెప్పక్కర్లేదు. ముంబై మున్సిపల్ బడులు ఎనిమిది భాషల్లో పాఠాలు చెబుతాయి, అందులో తెలుగొకటి. ఇంట్లో తెలంగాణ తెలుగు, నాకా మీద మరాఠీ, సినిమా దగ్గర హిందీ మాట్లాడుతూ పెరిగినవాళ్లం మనం. మాటకు మాట కలుపుకుని బతకడం ఎలాగో మనకూ తెలుసు, ఇరకం పిల్లలకూ తెలుసు. ఏ రాజధానికీ మనం గుర్తుకు రాకపోవడం ఎలా ఉంటుందో కూడా ఇద్దరికీ తెలుసు.

ఆ నీళ్ల మధ్య బతుకు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే స.వెం. రమేశ్ ‘ప్రళయ కావేరి కథలు’ చదవండి. ప్రళయ కావేరి అంటే పులికాట్‌కు తెలుగు పేరు. ఆ దీవుల మనుషులు, వాళ్ల తిండి, చెట్లు, పిట్టలు, అచ్చంగా అక్కడి తెలుగులో అందులో ఉన్నాయి. ముంబైలో పుట్టి పెరిగిన నాకు కొన్ని మాటలు రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. తెలుగు ఇంత పెద్దదా అనిపించింది.

దూరం అనేది దేవుడు రాసిపెట్టిందేమీ కాదు. 1613లో డచ్చివాళ్లు పులికాట్ ఒడ్డున గెల్డ్రియా కోట కట్టారు. 1690లో నాగపట్టణానికి మారేదాకా కోరమండల్ తీరంలో వాళ్ల వర్తకానికంతా అదే కేంద్రం. మన గుడ్డలు అక్కడి నుంచి ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయేవి. కోట కట్టే నాటికి మద్రాసు ఇంకా పుట్టలేదు, బొంబాయి ఏడు ముక్కలుగా నీళ్లలో ఉంది. ఆ తర్వాత బకింగ్‌హాం కాలువ వచ్చింది, ఈ సరస్సులోంచే సాగింది. శ్రీహరికోట అడవుల కట్టెలు పడవల మీద మద్రాసు పొయ్యిల్లోకి చేరేవి. అందరూ పడవల మీద తిరిగిన రోజుల్లో దీవి మారుమూల కాదు, నడిబజారు. పడమటి ఒడ్డున రైలు, రోడ్డు వచ్చి, కాలువ పూడిపోయాక ఇరకం మారుమూల అయింది. ఊరు కదల్లేదు, దారి కదిలింది.

మీకు తెలుసా, అదే సరస్సును ఆనుకుని ఉన్న ఇంకో దీవికి రోడ్డు పడింది. అది శ్రీహరికోట. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. అక్కడి ఊళ్లను ఖాళీ చేయించారు. సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా రోడ్డు వేశారు. 1971 అక్టోబర్ 9న తొలి రాకెట్ ఎగిరింది. 2008లో చంద్రయాన్, 2013లో మంగళయాన్, 2023 జులై 14న చంద్రయాన్-3, అన్నీ ఆ దీవి నుంచే బయల్దేరాయి. చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగితే మా గల్లీలో కూడా మిఠాయి పంచారు, నేనూ తిన్నాను. ఆ సంతోషంలో నాకు ఏ లోపమూ కనబడలేదు. కానీ పటం తీసి చూడండి. చంద్రుడికి దారి వేసిన దీవి, ఒడ్డుకు దారి లేని దీవి, రెండూ ఒకే సరస్సు దగ్గర ఉన్నాయి. సరస్సు మీద రోడ్డు వేయడం చేతకాక కాదు. యాభై ఏళ్ల కిందటే వేసి చూపించాం.

అయితే ఎలా వేయాలన్నది అసలు ప్రశ్న, ఇక్కడ బొంబాయి పాఠాన్ని తలకిందులుగా చదువుకోవాలి. బొంబాయిలో గండి పూడ్చితే బతుకు వచ్చింది. పులికాట్‌లో గండి పూడితే బతుకు పోతుంది. ఆ సరస్సుకు సముద్రంతో కలిసే నోళ్లు ఉన్నాయి. ఉత్తరాన రాయదొరువు దగ్గర ఒకటి, దక్షిణాన తమిళనాడులో పులికాట్ ఊరి దగ్గర ఒకటి. రొయ్య పిల్లలు సముద్రంలో పుట్టి, ఆ నోటి గుండా సరస్సులోకి వచ్చి, ఉప్పూ తీపీ కలిసిన నీళ్లలో ఎదిగి మళ్లీ సముద్రానికి పోతాయి. ఇసుక మేట వేసి నోరు మూసుకుపోతే రొయ్య రాదు, చేప రాదు. ఎండాకాలంలో ఉప్పు పెరిగిపోతుంది. పూడిక తీయాలని జాలర్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది అందుకే.

శ్రీహరికోట రోడ్డు కట్ట వల్ల సరస్సులో నీటి కదలిక తగ్గిందని ఆ నీళ్లను చదివినవాళ్లు చెబుతూ వస్తున్నారు. కాబట్టి ఇరకానికి రాళ్లూ మట్టీ పోసి కట్ట వేస్తామంటే, ఊరికి దారి ఇచ్చి నీటికి దారి మూసినట్టే. కావలసింది స్తంభాల మీద వంతెన. కింద నీళ్లు, చేపలు, పడవలు పోవాలి. పైన అంబులెన్సు, బడి పిల్లలు పోవాలి. పులికాట్ పక్షుల అభయారణ్యం కూడా. చలికాలంలో రాజహంసలు వేల సంఖ్యలో వచ్చి ఆ నడుము లోతు నీళ్లలోనే మేస్తాయి. వాటి కోసమే సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరుగుతుంది. వన్యప్రాణి చట్టం కింద అనుమతులు కావాలి, అవి ఆలస్యమవుతాయి. ఆలస్యం వేరు, అసాధ్యం వేరు. పక్షి పేరు చెప్పి మనిషిని ఆపడం నాకు న్యాయంగా తోచదు. మనిషి పేరు చెప్పి నీళ్లను చంపడమూ అంతే.

మట్టి పోసిన నేల ఎలా ఉంటుందో మాకు తెలుసు. గట్టి వాన పడి, అదే వేళకు సముద్రం పోటు మీద ఉంటే, మన కాలువల నీళ్లు సముద్రంలోకి పోలేక వెనక్కి తంతాయి. గ్రాంట్ రోడ్, నాగ్‌పాడా పల్లాల్లో మోకాళ్ల లోతు నిలుస్తాయి. కింది ఖోలీలో ఉండేవాళ్లు బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు మంచం మీదికి ఎక్కిస్తారు. రెండు వందల నలభై ఏళ్ల కిందట నీళ్లున్న చోటుకే నీళ్లు వస్తాయి.

ఇక భవిష్యత్తు మాట. ఇరకం పిల్లలకు దారులు లేవా అంటే, ఒడ్డు దాటితే ఉన్నాయి. 2008లో మొదలైన శ్రీసిటీలో ఫ్యాక్టరీలు వరుసగా వచ్చాయి, తడకు పక్కనే. చెన్నై చుట్టూ కంపెనీలు సరే సరి. కానీ షిఫ్టు పని అంటే వేళకు చేరాలి, వేళ దాటాక ఇల్లు చేరాలి. పడవ మీద ఆధారపడ్డవాడు ఒడ్డున అద్దెకు గది తీసుకోవాల్సిందే. అద్దె గది తీసుకున్నవాడు పెళ్లయ్యాక తిరిగి దీవికి పోడు. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు, మన ఇంటి కథే. మా తాతల ఊళ్లు ఎలా ఖాళీ అయ్యాయో చూశాం. ఒకడు వచ్చి ఖోలీ పట్టుకున్నాడు, తర్వాత తమ్ముణ్ణి పిలిచాడు, తర్వాత బావమరిదిని. కరీంనగర్ పల్లెలో తలుపు మూసిన ఇల్లు, ఇక్కడ పది అడుగుల గదిలో ఎనిమిది మంది. దారి ముందే పడి ఉంటే ఎంతమంది ఊళ్లోనే ఉండేవాళ్లో!

పర్యాటకం అనే ఆశ కూడా ఉంది. భీములవారిపాళెం రేవులో షికారు పడవలు తిరుగుతున్నాయి. మంచిదే. దాని వెంట ఒక జాగ్రత్త కూడా ఉండాలి. 2011 డిసెంబర్ 25న పులికాట్ సరస్సులో తమిళనాడు వైపు షికారుకు వెళ్లిన పడవ మునిగి 22 మంది పోయారు. షికారుకు ఏడాదికి ఒక్కసారి పడవ ఎక్కేవాళ్లకే లైఫ్ జాకెట్ అంత అవసరమైతే, బతకడానికి రోజూ ఎక్కేవాళ్లకు ఎంత అవసరమో లెక్క వేయండి. వంతెన వచ్చేలోగా చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి: ప్రతి పడవలో జాకెట్లు, రాత్రి వేళకు సిద్ధంగా ఒక అంబులెన్సు పడవ, వేసవిలో పడవ దారి పొడవునా పూడికతీత. మొదటి రెండిటికీ ఏ పెద్ద అనుమతీ అడ్డు రాదు.

మనలో ఏటా తిరుపతి వెళ్లని ఇల్లు అరుదు. ఈసారి కొండ దిగాక ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి. చెన్నై నుంచి సూళ్లూరుపేటకు లోకల్ రైలు ఉంది. తమిళనాడులో ఆఖరి స్టేషన్ అరంబాక్కం, ఆ తర్వాత ఆంధ్రలో మొదటి స్టేషన్ తడ. తడలో దిగి భీములవారిపాళెం రేవుకు వెళ్లండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి, లైఫ్ జాకెట్ అడిగి మరీ వేయించండి. ఇరకంలో దిగాక అక్కడివాళ్లతో మాట్లాడండి. తిరిగి వచ్చాక మీరు చూసింది ఒక కార్డు మీద రాసి తిరుపతి జిల్లా కలెక్టరు కార్యాలయానికి పంపండి. మనం దూరపువాళ్లం, మన ఓటు అక్కడ లేదు. కానీ కామాఠిపురా నుంచి వంద కార్డులు వెళితే, ఆ ఊరి మాట వినేవాళ్లు ముంబైలో కూడా ఉన్నారని తెలుస్తుంది.